ఇద్దత్‌లో సుత్తె చప్పుడు

"సంచి ఏది అమ్మీజాన్?"

అజ్రా బీ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. రాళ్లు లేని బియ్యం అది. అయినా ఏరుతోంది.

"నిన్న మాపటికి గీ తలుపెనుక మొలకే ఉండె. సుత్తె, పటకారు, స్క్రూడ్రైవరు అన్నీ అందులనే ఉన్నయి. ఏడ వెట్టిండ్రు?"

"నాకేం ఎర్క? కాళ్లొచ్చినయేమో, నడిచిపోయింది."

"అమ్మీజాన్!"

"ఇగో దుల్హన్, ఒర్రకు. గోడ పక్కోళ్లు ఇంటరు. ఇద్దత్‌ల కూసున్నదాని గొంతు వాకిలి దాటొద్దు. సుత్తె సప్పుడైతే అసలే దాటొద్దు. మొగడు పోయిన ఇల్లా, కమ్మరి కొలిమా ఇది?"

పెళ్లయి ఇన్నేళ్లయినా, నెత్తిన తెల్ల వెంట్రుకలు తొంగి చూస్తున్నా, అతియా ఆ అత్తకు ఇంకా దుల్హనే, అంటే కొత్త పెళ్లికూతురే. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు ఆవిడ.

భర్త పోయిన ముసల్మాను స్త్రీ నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా ఇల్లు కదలకూడదు. రంగు బట్టలు కట్టకూడదు, గాజులు తొడగకూడదు, అత్తరు పూసుకోకూడదు. అదీ ఇద్దత్. అంతవరకు అతియాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా అజ్రా బీ తన సొంతానికి కలిపిన కట్టుబాట్లతోనే. ఆవిడ లెక్కలో ఇద్దత్‌లో ఉన్న మనిషి గట్టిగా నవ్వకూడదు, అద్దం చూడకూడదు, మేకు కొట్టకూడదు.

"నేను కూసోలేదా ఇద్దత్? మీ మామ పోతే గా మూలకు కూసున్న. గోడ మీద బల్లి పాకినా చెయ్యి లేపి అదిలియ్యలే."

అందుకే గోడలు గిట్లున్నయి అని అతియా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఒంటికి సింగారం వద్దన్నరు అమ్మీజాన్. తలుపుకు, కిటికీకి వద్దన్నరా?"

"నాకు దీన్ నేర్పకు. మతం సంగతి నీకంటె నాకే ఎక్కువ ఎర్క."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అజ్రా బీకి చెవుడు లేదు గానీ ఫోనంటే నమ్మకం లేదు. అందుకని స్పీకరు పెట్టి, ఫోనును నోటికి అంత దూరాన పట్టుకుని మాట్లాడుతుంది. అవతల పెద్దకొడుకు ముకర్రం. కరీంనగర్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల డ్రమ్ముల వ్యాపారం అతనిది.

"అమ్మా, పెద్దపల్లి దాటిన. దారిల బాకీలు వసూలు జేసుకుంట వస్తున్న. మాపటికల్ల ఆసిఫాబాద్ల ఉంట. నీ బట్టలు సదిరిపెట్టు. పొద్దుగాల నా ఎంబడి కరీంనగర్ వస్తున్నవ్."

"మరి దుల్హనో?"

"పెద్దమనుషులను అడిగిన అమ్మా. ఇల్లు కూలేటట్టుంటే ఇద్దత్ జాగ మార్చుకోవచ్చట. అతియాను జైనూర్ల వాళ్ల తమ్ముడు అర్ఫాత్ ఇంట్ల దించుదాం. మిగిలింది అక్కడ్నే కూసుంటది. గా కప్పు కింద ఇంకో వాన పండుతవా నువ్వు? నీ మంచం మీద నీళ్లు వడుతయా లేదా, నువ్వే చెప్పు!"

అజ్రా బీ పైకప్పు వంక చూసింది. కోడలి వంక చూడలేదు.

"వడుతయి," అంది.

"ఇగ మాటేముంది? గా ఇంటిని గోదాం జేసుకుంట. ఫికర్ జేయకు."

ఫోను ఆగిపోయింది. అత్త మళ్లీ బియ్యంలో తల దూర్చింది. కోడలు తలుపు పట్టుకుని నిలబడింది.

జైనూర్‌లో అర్ఫాత్‌ది రెండు గదుల ఇల్లు. భార్య, పిల్లలు, అత్తామామలు. తమ్ముడు మంచివాడే. అక్కను కాదనడు. కానీ అక్కడ అతియాకు దక్కేది వంటింటి పక్కన ఒక చాప. ఒకసారి ఆ చాప మీద కూర్చున్నాక మళ్లీ ఈ ఇంటికి తిరిగి రావడం ఉండదు. పిల్లాజెల్లా లేని మనిషి. భర్త పోయాడు. ఈ ఇల్లొక్కటే ఆమెది అనుకోవడానికి మిగిలింది. సాయంత్రం బావగారు వచ్చి, కప్పు వంక వేలు చూపించి, ఇల్లు కూలేటట్టుంది అంటే అదీ పోతుంది.

ఆమె కూడా తలెత్తి కప్పు వంక చూసింది. అత్త మంచానికి నేరుగా పైన, వాసాల మధ్య, పెంకులు నల్లగా చెమర్చి ఉన్నాయి.

సరే, అనుకుంది. సాయంత్రం దాకా టైముంది కదా.

*

మొగుడు ఇబ్రాహీం బతికుండగా ఊరంతా అతని వెంటే తిరిగేది. బోరు మోటారు కాలిందంటే చాలు, కెరమెరి నుంచి కాగజ్‌నగర్ దాకా రైతులు వచ్చి వాకిట్లో కూర్చునేవారు. నిండు ఎండలో పోయి వైండింగు చేసి పెట్టి వచ్చేవాడు. తన ఇంట్లో మాత్రం కిటికీ గడియ ఊడి సుతిలి తాడుతో కట్టి ఉంది. కుళాయి కారుతూ ఉంది. తలుపు మూస్తే మేక అరిచినట్టు అరిచేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే అదే. అడిగితే "రేపు" అనేవాడు. ఎంత ముద్దుగా అనేవాడంటే కోపం వచ్చేది కాదు.

ఒకనాడు పొలంలో మోటారు దించుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ రేపులన్నీ అతియాకు వదిలి వెళ్లాడు.

ఇద్దత్ మొదట్లో ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది. ఏడుపు వచ్చినప్పుడు ఏడ్చేది. రానప్పుడు ఎందుకు రావడం లేదని భయపడేది. ఒక మధ్యాహ్నం గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటూ ఉంటే, ఆ చప్పుడు భరించలేక లేచింది. సంచి దింపి, స్క్రూడ్రైవరు తీసి, ఎటు తిప్పాలో తెలియక రెండు వైపులా తిప్పి, చేతులు గీరుకుని, చివరికి గడియ బిగించింది. రెక్క మూసింది. గడియ వేసింది. తీసింది. మళ్లీ వేసింది.

"సూసినవా?" అని గట్టిగానే అంది ఇబ్రాహీంతో. "ఇంత పని. గింతే పని! దీనికి ఎన్ని ఏండ్లు రేపన్నవయ్యా నువ్వు?"

ఆ రోజు అన్నం రుచి తెలిసింది.

తర్వాత కుళాయిలో రబ్బరు మార్చింది. తలుపు బందులకు నూనె పోసింది. మంచం నవారు విప్పి, ఉతికి, మళ్లీ బిగించింది. ఒక్కో పని చేస్తూ మొగుణ్ని తిట్టేది. తిట్టిన కొద్దీ ఛాతీలో రాయి కాస్త జరిగేది. ఇల్లు దాటకూడని మనిషికి ఆ ఇల్లే పెద్ద ఊరైంది. ఎటు చూసినా ఏదో ఒక పని చెయ్యెత్తి పిలిచేది.

అత్తకు మాత్రం సుత్తె దెబ్బ వినపడినప్పుడల్లా ముఖం మాడిపోయేది. నిన్న రాత్రికి సంచే మాయమైంది.

పెరటి గోడ దగ్గరకు వెళ్లింది అతియా. అవతల కమలవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాళ్లు మొన్ననే స్లాబు వేసుకున్నారు. పాత ఇంటి పెంకులు గోడవార పేర్చి ఉన్నాయి.

"కమలవ్వా, నీ బెంగుళూరు పెంకలు జర కొన్ని అందిస్తవా?"

"అందిస్త గని, ఎవ్వలెక్కుతరే కప్పు? మా పోరడు రాజం డ్యూటీకి పోయిండు, మాపటి దాక రాడు."

"నేనెక్కుత."

కమలవ్వ చేతిలో ఆకు జారి పడింది. "ఓయమ్మో! నీకు గడప దాటొద్దంటరు గద బిడ్డా. కప్పెక్కుతె దాటినట్టా, దాటనట్టా?"

ఇద్దరూ గోడకు చెరో వైపు నిలబడి దాని గురించి నిజంగానే ఆలోచించారు.

"గడప కింద ఉంటది, కప్పు మీద ఉంటది," అంది అతియా. "దాటుడు ఏడికెల్లి అయితది?"

"గదీ నిజమే. అయినా ఊరంత సూస్తదే. బజార్ల పోయేటోళ్లంత మొకమెత్తుకొని నిలవడ్తరు. మీ అత్త అక్కడ్నే పాణమిడుస్తది."

అదీ నిజమే. అతియా గోడ మీద గడ్డం ఆనించింది.

"అయితె మీదికెల్లి జెయ్య," అంది. "లోపటికెల్లి జేస్త. కిందికెల్లి పెంక లేపి జరిపితే రాదా?"

కమలవ్వ ఆమె వంక ఎగాదిగా చూసింది. మారు మాట లేకుండా చాట పక్కన పెట్టి, కొంగు బిగించి, పెంకులు ఒక్కోటి అందించడం మొదలుపెట్టింది.

*

అజ్రా బీ మధ్యాహ్నం నమాజుకు నిలబడగానే అతియా పని మొదలుపెట్టింది. అత్త మంచం పక్కకు లాగింది. బల్ల జరిపింది, దాని మీద స్టూలు వేసింది. సంచి లేకపోతే ఏం? వంటింట్లో అట్లకాడ ఉంది. కొంగు నెత్తికి చుట్టుకుని ఎక్కింది.

అట్లకాడ పెంకు కిందికి దూర్చి పైకి లేపింది. పెంకు కదిలింది. ఎన్నో ఏళ్ల దుమ్ము, ఎండిన పిచ్చుక గూడు, ఒక తేలు పొట్టు ఆమె నెత్తిన కురిశాయి. "అల్లా!" అని తుమ్మింది. దిగలేదు.

రెండో పెంకు లేపితే చెయ్యికి మెత్తగా ఏదో తగిలింది. గుడ్డ కాదు, ప్లాస్టిక్ లాంటిది. పెంకులకూ కింది చెక్క పట్టీలకూ మధ్య ఎవరో మడత పెట్టి దూర్చారు. చుట్టుపక్కల పగుళ్లలోంచి దిగిన నీళ్లన్నీ దాని పొట్టలో చేరి, ఒకే మూల నుంచి కిందికి, సరిగ్గా అజ్రా బీ మంచం మీదికి దిగుతున్నాయి.

"ఏ పుణ్యాత్ముడు వెట్టిండు ఇది!" అంటూ పట్టుకుని లాగింది.

మొన్నటి వాన నీళ్లు కుండెడు ఆమె ముఖాన పడ్డాయి. ఆ వెంటే ఆ ప్లాస్టిక్కూ వచ్చి, నేల మీద పరుచుకుంది.

అది ఫ్లెక్సీ. "ఇబ్రాహీం మోటార్ వైండింగ్ – అన్ని రకముల బోరు మోటార్లు బాగు చేయబడును" అని ఎర్ర అక్షరాలు. పక్కన ఇబ్రాహీం. ఒక చెయ్యి మోటారు మీద వేసి, పెళ్లిఫోటోలో కూడా నవ్వనంతగా నవ్వుతున్నాడు. ఒక చెంప మీద నీటి మరక తప్ప మనిషి మనిషిలాగే ఉన్నాడు.

అతియా స్టూలు మీదే ఉండిపోయింది. దిగడానికి ధైర్యం చాలలేదు, దిగితే ఆ ముఖం దగ్గరవుతుంది.

గుర్తొచ్చింది. దుకాణానికి కొత్త ఫ్లెక్సీ చేయించినప్పుడు పాతది ఇంటికి తెచ్చాడు. అమ్మ మంచం మీద చుక్క పడుతోందంటే వాసాల్లో దూర్చాడు. "ఇయ్యాలటికి గిది. రేపు పెంకలు మారుస్త," అన్నాడు. నాలుగు చుక్కలు పడేచోట ధార పడేలా చేసి చక్కగా వెళ్లి పడుకున్నాడు.

"ఏమాయె? ఏం వడ్డది? కప్పు కూలిందా?"

అజ్రా బీ నమాజు చాప మడతపెట్టకుండానే పరుగెత్తుకొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది. నేల వంక చూసింది. ఆ నోరు అలాగే ఉండిపోయింది.

ఆవిడ మెల్లగా కూలబడింది. మోకాళ్ల మీద పాక్కుంటూ ఫ్లెక్సీ దగ్గరకు పోయింది. దుపట్టా అంచుతో కొడుకు చెంప మీది నీళ్లు తుడిచింది. మరక పోలేదు. మళ్లీ తుడిచింది.

కొడుకును మట్టిలో పెట్టిన రోజు కూడా ఆవిడ అందరి ముందూ ఏడవలేదు. సబర్ పట్టాలి అంది, ఓర్చుకోవాలి అంది, వచ్చినవాళ్లందరికీ తనే ధైర్యం చెప్పి పంపింది. ఇప్పుడు ఏడ్చింది. నోరంతా తెరిచి, దెబ్బ తిన్న చంటిపిల్లలా ఏడ్చింది. కోడలి గొంతు వాకిలి దాటకూడదన్న మనిషి ఏడుపు వీధి చివరి దాకా పోయింది.

అతియా దిగింది. పక్కన కూర్చుంది. అత్త వీపు మీద చెయ్యి వేయాలా వద్దా అని ఆగి, వేసింది. ఆవిడ విదిలించుకోలేదు.

చాలాసేపటికి అజ్రా బీ ముక్కు చీది, తలెత్తి కప్పు వంక చూసింది. ఖాళీ పెంకుల సందులోంచి మబ్బు కనపడుతోంది. కింద ఫ్లెక్సీ వంక చూసింది. మళ్లీ పైకి చూసింది. సంగతి బోధపడింది.

"అంటే..." అంది. "గిన్ని దినాలు నా పక్కల నీళ్లు వోసింది నువ్వేనారా బేటా?"

అతియాకు నవ్వు ఆగలేదు. ఆపుకోబోయింది, ముక్కులోంచి వచ్చింది. అత్త గుడ్లురిమి చూసింది. అంతలోనే ఆవిడ పెదవీ వంకర తిరిగింది. ఇద్దరూ కళ్లనీళ్లు కారుతుండగానే నవ్వారు, పొట్ట పట్టుకుని నవ్వారు.

"సస్తినే దుల్హన్! ఊరందరి మోటార్లు బాగ జేసిండు. తల్లికి మాత్రం మంచం మీద బోరు ఏసిండు!"

అవతలి నుంచి కమలవ్వ గోడ మీదుగా తొంగి చూసి, "ఏమైందే? ఏడుస్తుండ్రా, నవ్వుతుండ్రా?" అని అడిగింది.

నవ్వు సద్దుమణిగాక అజ్రా బీ లేచింది. చుట్టి పెట్టిన తన బొంత విప్పింది. లోపల సంచి ఉంది. రాత్రంతా దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుందన్నమాట.

"దీన్ల ఏం రాసి లేదు దుల్హన్, నాకు ఎర్కే," అంది సంచి వంకే చూస్తూ. "గీ సుత్తె ఎవ్వలు వట్టుకున్నా, నా కొడుకు చెయ్యి ఇంకెవ్వలో వట్టుకున్నట్టు అనిపిస్తుండె. సంచి తెరిస్తే వాని వాసన వస్తది. నూనె వాసన. నువ్వు తెరిసినకొద్ది గది తక్కువైతది అనుకున్న."

అతియా, తను సంచి తెరిచేది కూడా ఆ వాసన కోసమేనని చెప్పాలనుకుంది. చెప్పింది కూడా. "నేను గూడ గందుకే తెరుస్త అమ్మీజాన్."

అత్త ఆమెను ఎగాదిగా చూసింది. సంచి ఆమె ఒళ్లో పడేసింది.

"ఇగ సాలు ఏడుసుడు. మబ్బు సూసినవా? వాడు వచ్చేలోపట కప్పు ఖాళీగ కనవడ్తె మొగంల ఉమ్ముతడు. ఎక్కు. స్టూలు నేను వడ్త."

*

ఆ తర్వాత అజ్రా బీని మేస్త్రీ అనడమే న్యాయం. కింద స్టూలు కాళ్లు పట్టుకుని, మెడ పైకి వంచి, ఒకటే ఆజ్ఞలు.

"ఆ పెంక కాదు, ఎడమ దిక్కుది. పగిలింది తియ్యి. అయ్యో, నా మీద కాదే! పట్టీ ఇరిగిందా? కొట్టు మొల. గట్టిగ కొట్టు, తిన్నది ఏడ వోయింది?"

"సప్పుడు వాకిలి దాటదా అమ్మీజాన్?"

"దాటనీ! కొట్టు!"

కమలవ్వ గోడ అవతల నుంచి పెంకులు అందించడం, అజ్రా బీ అందుకోవడం, అతియా లోపలి నుంచే పాతది జార్చి కొత్తది పైకి దూర్చి సరిగ్గా గాడిలో కూర్చోబెట్టడం. చేతులు పడిపోయాయి, మెడ పట్టేసింది, గోళ్లు విరిగాయి. ముకర్రం ఫోను చేశాడు. మందమర్రి దాటానని, అక్కడ వాన దంచుతోందని, మబ్బు అటే వస్తోందని చెప్పాడు. "బట్టలు సదిరినవా అమ్మా?" అన్నాడు. "సదురుతున్న, సదురుతున్న," అంది అజ్రా బీ, పెంకు పైకి అందిస్తూ.

చివరి పెంకు గాడిలో పడీ పడగానే మొదటి చినుకు దాని మీద టప్పున పడింది.

అతియా దిగింది. ఇద్దరూ మంచాన్ని మళ్లీ దాని చోటుకి లాగి, మంచం మీద కూర్చుని, తలలెత్తారు. వాన పెరిగింది. పెంకుల మీద రాళ్లు పోస్తున్నట్టు మోత. అజ్రా బీ అలవాటు కొద్దీ ముందే సత్తు గిన్నెలు తెచ్చి వరసగా పెట్టింది. గిన్నెలు అలా చూస్తూ కూర్చున్నాయి. ఒక్కటీ టింగుమనలేదు.

"పడ్తలేదు," అంది అత్త, నమ్మనట్టు.

"పడ్తలేదు."

"పడ్తలేదే!" అని ఆవిడ లేచి గిన్నెలన్నీ ఒక్కోటి బోర్లించింది. బోర్లించినప్పుడల్లా కోడలి వంక చూసి తలాడించింది. అతియా పెంకు దుమ్ముతో, తడితో, ముఖాన నల్ల గీతలతో, ఏ పండుగకూ లేనంత తేటగా ఉంది. ఒంట్లో ప్రతి ఎముకా నొప్పిగా ఉంది. అంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు లేదు.

బయట కారు ఆగింది.

*

అతియా లోపలి గదిలోకి వెళ్లి పరదా వేసుకుంది. బావగారి ముందుకు రాకూడదు సరే, ఆమె గొంతు కూడా ఆయన చెవిన పడకూడదన్నది అజ్రా బీ చట్టం. కాబట్టి ఏం మాట్లాడాలన్నా నడిమధ్య అజ్రా బీయే తపాలా.

ముకర్రం తలుపు తోసుకుని వచ్చాడు. భారీ మనిషి, నిలువెల్లా తడిసి ఉన్నాడు, చేతిలో ఆపిల్ పండ్ల సంచి. తల్లి పాదాల దగ్గర కూర్చుని ఆవిడ చేతులు కళ్లకద్దుకున్నాడు. చెడ్డవాడు కాదు. తల్లంటే ప్రాణం. అందుకే అతనితో గెలవడం కష్టం.

"అమ్మా, అతియాకు చెప్పు. బట్టలు సదురుకొమ్మను. పొద్దుగాల్నే జైనూర్ల దించుత."

అజ్రా బీ పరదా వైపు తిరిగింది. "దుల్హన్, బట్టలు సదురుకొమ్మంటుండు."

పరదాకు జానెడు అవతలే నిలబడ్డ అతియా అంతా వినే ఉంది. "ఎందుకట?" అంది.

"ఎందుకని అడుగుతుంది."

"ఇల్లు కూలేటట్టున్నది గదా అమ్మా!"

"కూలేటట్టున్నదట దుల్హన్."

"ఏ పక్కన కూలుతదో చూపియ్యమనుండ్రి."

"ఏ పక్కన కూలుతదో కండ్లు తెరిసి నువ్వే చూపియ్యాలెనట," అంది అజ్రా బీ. కండ్లు తెరవమని అతియా అనలేదు.

ముకర్రం లేచాడు. గోడను అరచేత్తో నొక్కి చూశాడు. కిటికీ రెక్క లాగాడు. గడియ ఊడి రాలేదు. తలుపు మూశాడు, తెరిచాడు. అది కిక్కురుమనలేదు. అప్పుడు గుర్తొచ్చినట్టు తల్లి మంచం దగ్గరికి వచ్చి పైకి చూశాడు. బయట వాన కుండపోత. చెయ్యి చాచి కాసేపు నిలబడ్డాడు. అరచేయి పొడిగానే ఉంది.

"ఉరుస్తలేదేంది?"

"ఎందుకు ఉరుస్తది? పెంకలు మార్సినం."

"ఎవ్వలు మార్సిండ్రు? మేస్త్రి వచ్చిండా?"

"అతియా మార్సింది."

పరదా అవతల అతియా ఉలిక్కిపడింది. ఆ నోట తన పేరు వినడం అదే మొదటిసారి.

"ఇద్దత్‌లనా?" ముకర్రం గొంతు పెరిగింది. "కప్పు కింద నిలవడి, సుత్తె వట్టుకొనా? నువ్వు సూసుకుంట ఊకున్నవా అమ్మా?"

"ఊకుంటనారా? స్టూలు వట్టుకున్న."

ముకర్రం మంచం మీద కూలబడ్డాడు. తల పట్టుకున్నాడు. కాసేపటికి మెల్లగా, వేరే గొంతుతో అన్నాడు:

"ఇయ్యాల ఆగింది అమ్మా. రేపు ఇంకోటి ఇరుగుతది. ఇద్దరు ఆడోళ్లు, అడిగేటోడు లేడు. తమ్మున్ని నా చేతుల మీద మన్నుల వెట్టిన. నిన్ను గిక్కడ ఇడిశిపెట్టి నాకు నిద్ర వడ్తదా? అతియా మీద నాకేం కోపమా? ఆమె ఏమంటదో నువ్వే అడుగు. ఆమె నోటితోనే చెప్పమను."

అతియా నోరు తెరిచింది. మధ్యాహ్నం నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. పరదా అంచు గట్టిగా పట్టుకుంది.

అజ్రా బీ పరదా వైపు తిరగలేదు. ఆగలేదు.

"ఉంటదట," అంది కొడుకు ముఖంలోకి చూస్తూ. "గిక్కడ్నే ఉంటదట. నన్ను గూడ ఉండుమంటుంది. గీ ముసల్దానితోని కొట్లాడకుంటె నాకు పొద్దువోదు అంటుంది."

అతియా ఒక్క మాట కూడా అనలేదు. పరదా అంచు ముఖానికి అదుముకుంది.

ముకర్రం తల్లిని చూశాడు, పరదాను చూశాడు. అంత పెద్ద మనిషి చిన్నగా నలిగిపోయాడు.

"అమ్మా, లారీ వస్తుంది."

"ఏం లారీ?"

"నా ఎనకనే బయలెల్లింది. కుర్చీలు, డ్రమ్ములు. కరీంనగర్ గోదాం ఖాళీ జేసి తాళం ఇచ్చేసిన. గీ ఇంట్లనే దించుతమనుకున్న. ఇప్పుడు నేను ఏడ దించాలె? రాత్రిపూట, ఇంత వానల?"

అజ్రా బీకి పెద్దకొడుకు కూడా కొడుకే. ఆవిడ చేతులు ఒళ్లో అటూ ఇటూ కదిలాయి.

"భాయీజాన్."

ఇద్దరూ పరదా వైపు తిరిగారు. ఆ గొంతు ఏ తపాలా లేకుండా నేరుగా వచ్చింది.

"ఇల్లు కూలేటట్టుంటే జాగ మార్చొచ్చని మీరే అడిగొచ్చిండ్రు. ఇల్లు కూలదు. మీరే చేతులార సూసిండ్రు. మీరు పరేషాన్ల ఉన్నరు, నాకు తెల్వదా? సామాను తడవకుండ ఏదన్న దారి ఎతుకుదాం. కని నన్ను ఈ గడప దాటియ్యమని ఎవ్వలు చెప్తరో వాళ్లను తీసుకరాండ్రి. నేను ఇద్దత్‌ల ఉన్న. కదల."

కదలకుండా కూర్చోమని ఆమెకు అందరూ చెప్పిన మాటే అది.

ముకర్రం పరదానే అడిగాడు, తల్లిని కాదు. "ఇద్దత్ అయిపోయినంక?"

"అయిపోయే వరకు ఎనక గోడ గూడ లేపుతది," అంది అజ్రా బీ.

వీధి మలుపులో లారీ హారన్ మోగింది. వెలుతురు వాన మీదుగా జారి తలుపు సందులోంచి లోపలికి పడింది. అజ్రా బీ లేచింది. కుర్చీ ఒకటి లాక్కుని, గడప మీద నడిమధ్యగా వేసుకుని, వీధి వైపు ముఖం పెట్టి కూర్చుంది. జల్లు ఆవిడ కాళ్లను తడుపుతోంది.

"పో బేటా," అంది వెనక్కి తిరక్కుండానే. "ఇంట్ల మనుషులున్నరని చెప్పిరా."

ముకర్రం కదల్లేదు. హారన్ మళ్లీ మోగింది.